మూసివేత అమ్మకం: ప్రచారానికి ముందు ఒక పత్రం
కృష్ణా జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



విషయం: దుకాణం మూసివేత పేరుతో జరిగే అమ్మకాల నియంత్రణ.

దుకాణం ఎత్తేస్తున్న వర్తకుడు మిగిలిన సరుకును అయినకాడికి అమ్ముకోవడం వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉన్నదే. అద్దె గడువు తీరుతుంది, భాగస్వాములు విడిపోతారు, అప్పులు మీదపడతాయి. పెద్దాయన పోయాక హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగాలు చేసుకొనే పిల్లలు వచ్చి కొట్లో కూర్చోరు. సరుకు మాత్రం అల్మారాల్లో ఉండిపోతుంది. టోకు వ్యాపారి దాన్ని వెనక్కి తీసుకోడు, తీసుకున్నా చాలా తక్కువ కడతాడు. అలాంటప్పుడు కొన్న ధరకో ఇంకాస్త తక్కువకో ఊళ్లోవాళ్లకే అమ్మేస్తే ఆయన చేతికి నాలుగు డబ్బులు వస్తాయి, కొన్నవాళ్లకూ కలిసొస్తుంది. ఇందులో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. నియంత్రణ కావలసింది దుకాణం మూయకుండానే మూసేస్తున్నామని చెప్పి చేసే అమ్మకాలకు, అసలు దుకాణమే లేకుండా ఏదో ఫ్యాక్టరీ మూతపడిందని చెప్పి చేసే అమ్మకాలకు.

తగ్గింపు ధర చూసిన మనిషికి ముందు కలిగేది అనుమానం. ఇంత తక్కువకు ఎందుకు ఇస్తున్నారు, సరుకులో లోపమేమిటి అని. నమ్మదగ్గ కారణం కనిపిస్తే ఆ అనుమానం పోతుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, బట్టల కొట్లలో గిరాకీ పడిపోతుంది, అందుకే ఆ నెలలో తగ్గింపు ఇస్తారని కృష్ణా జిల్లాలో ఇంటింటికీ తెలుసు. ఆప్కో దుకాణంలో రిబేటు బోర్డు పెడితే అది చేనేత ప్రోత్సాహం కింద ఇచ్చేదని తెలుసు. ‘షాపు ఎత్తేస్తున్నాం’ అన్న మాట వీటికన్నా బలమైన కారణం. ధర ఎందుకు తగ్గిందో అదే చెబుతుంది, ఆలస్యం చేస్తే దొరకదన్న తొందరా పెడుతుంది, నష్టపోతున్న మనిషి మీద జాలి కూడా పుట్టిస్తుంది. మూసేసుకొనేవాడి దగ్గర ఇంకా గీచి గీచి బేరమాడటం మర్యాద కాదనుకొనేవాళ్లు ఈ డెల్టా ఊళ్లలో తక్కువేమీ కాదు. అబద్ధపు మూసివేత అమ్మకం వాడుకొనేది ఆ మంచితనాన్నే. అందుకే దీన్ని మామూలు ఆర్భాటపు ప్రచారాలతో జమకట్టి వదిలేయడం తగదు.

దిగువ డెల్టాలో ఇది ముఖ్యంగా రెండు రూపాల్లో సాగుతుంది. మొదటిది స్థిరమైన దుకాణంలో జరిగేది. ‘క్లోజింగ్ సేల్’, ‘ఆఖరి రోజులు’ అన్న ఫ్లెక్సీ ఎక్కుతుంది. నెలలు గడుస్తాయి, ఎండకు ఫ్లెక్సీ వెలిసిపోతుంది, కొత్తది కడతారు, దుకాణం మాత్రం మూతపడదు. ఒక్కోచోట నిజంగానే షట్టరు దించుతారు. కొద్దిరోజులకు అదే గదిలో, అదే కుటుంబం చేతిలో, వేరే పేరుతో ప్రారంభోత్సవం జరుగుతుంది. ఈలోగా గోదాముకు కొత్త మూటలు వస్తూనే ఉంటాయి. మిగులు సరుకు వదిలించుకోవడం నిజమైతే అల్మారాలు రోజురోజుకూ ఖాళీ కావాలి. అవి ఖాళీ కాకపోవడమే ఇక్కడ జరుగుతున్నదేమిటో చెబుతుంది.

రెండోది ఊరూరా తిరిగేది. నష్టం ఎక్కువగా జరిగేది, పట్టుకోవడం కష్టమైనదీ ఇదే. పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, గుడివాడ వంటి చోట్ల ఒక కల్యాణ మండపాన్నో ఫంక్షన్ హాలునో ముహూర్తాలు లేని రోజుల్లో రెండు మూడు రోజులకు అద్దెకు తీసుకుంటారు. ముందు రోజు నుంచి మైకు ఆటో తిరుగుతుంది. మిల్లు మూతపడిందనో, ఎగుమతి ఆర్డరు రద్దయిందనో, బ్యాంకు జప్తు చేసిందనో, సరుకు తెగనమ్ముతున్నామనో రికార్డు చేసిన గొంతు కూచిపూడి, మొవ్వ, ఘంటసాల వీధుల్లో కూడా వినిపిస్తుంది. ఏ మిల్లు, ఎక్కడిది, ఏ బ్యాంకు అన్నది ఆ గొంతు చెప్పదు. అమ్మేవాళ్ల పేరు, ఊరు కూడా చెప్పదు. హాలు పేరు, తేదీలు మాత్రం రెండేసి సార్లు చెబుతుంది. చీరలు, దుప్పట్లు, రెడీమేడ్ బట్టలు, ప్లాస్టిక్ కుర్చీలు, మిక్సీలు, కుక్కర్లు, చెప్పులు, ఒక్కోసారి ఫర్నిచరు కూడా అక్కడ దొరుకుతాయి. నాలుగో రోజుకు హాలు ఖాళీ. చీర మొదటి ఉతుక్కు రంగు వదిలినా, కుక్కరు వాల్వు పోయినా వెళ్లి అడగడానికి అక్కడ మనిషి ఉండడు. హాలు యజమాని దగ్గర ఉండేది అద్దె చీటీ, దాని మీద ఒక ఫోను నంబరు. అది అప్పటికే పనిచేయడం మానేసి ఉంటుంది.

ఇలాంటి మైకు ఆటోలు ఎక్కువగా తిరిగేది చేతిలో డబ్బు ఆడే నెలల్లోనే. ఖరీఫ్ వరి కోతలై, ధాన్యం డబ్బు చేతికి వచ్చేసరికి సంక్రాంతి ముంగిట్లో ఉంటుంది. మాగాణిలో వేసిన మినుము అమ్ముడయ్యాక ఇంకోసారి కాస్త డబ్బు కనిపిస్తుంది. దివిసీమలో నాగాయలంక, కోడూరు వైపు సముద్రపు వేట మీద బతికేవాళ్లకు ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. అప్పుడు ఆ ఊళ్లకు సేలు ఆటో వచ్చినా గిరాకీ ఉండదు. ఏడాదిలో బట్టలకు, ఇంటి సామానుకు ఖర్చు పెట్టగలిగే రోజులు కొన్నే ఉన్న కుటుంబానికి ఆ రోజుల్లో పోయిన రెండు మూడు వేలు చిన్న మొత్తం కాదు. వినియోగదారుల కమిషనుకు వెళ్లి కొట్లాడదగ్గంత పెద్ద మొత్తమూ కాదు. ఈ వ్యాపారం నిలబడేది ఆ రెంటి నడుమనున్న సందులోనే.

లోపల జరిగే మోసానికి కేంద్రం సరుకు మీది చీటీ. ఉదాహరణకు ఒక చీర ప్యాకెట్టు మీద రూ.2,400 అని చీటీ ఉంటుంది. దాని మీద అడ్డగీత, కింద సగం ధర రూ.1,200. అదే రకం చీర మచిలీపట్నం కోనేరు సెంటరు చుట్టుపక్కల మామూలు కొట్లో ఏ తగ్గింపూ లేకుండా రూ.1,100కు దొరుకుతుంటే, ఇక్కడ కొన్నవాళ్లు రూ.1,200 మిగిల్చుకున్నామనుకొని వంద ఎక్కువ ఇచ్చి వెళతారు. రూ.2,400 ధరకు ఆ చీర ఎప్పుడైనా, ఎవరికైనా అమ్మారా అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. తూనికలు కొలతల శాఖ అమలుచేసే 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ప్యాకెట్టు మీద అచ్చయిన గరిష్ఠ చిల్లర ధరను చెరపడం, మార్చడం నేరం. ధర తగ్గిస్తే తగ్గించిన ధర చీటీ అంటించవచ్చు గాని, తయారీదారు వేసిన అసలు ధరను అది కప్పేయకూడదు. కాబట్టి చీటీ గోటితో లేపి చూస్తే కింద ఇంకో ధర కనిపించిందంటే అదే సాక్ష్యం. ఆ ప్యాకెట్టును పారేయకుండా దాచుకోవాలని చాలామందికి తెలియదు.

చీటీ తరువాత బిల్లు. హాల్లో డబ్బు కట్టాక చేతిలో పెట్టేది ‘ఎస్టిమేట్’ అని రాసిన చిన్న తెల్లకాగితం. దాని మీద అంకెలు ఉంటాయి గాని పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు ఉండవు. అడుగున ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న రబ్బరు ముద్ర మాత్రం స్పష్టంగా పడి ఉంటుంది. రూ.200 దాటిన అమ్మకానికి రిజిస్టరయిన వర్తకుడు బిల్లు ఇవ్వవలసిందే. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి కింద చేర్చింది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు ఏదీ చెప్పకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకొని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడాన్ని కూడా అందులోనే చేర్చింది. సరుకు లోపమున్నదైనప్పుడు ఆ రబ్బరు ముద్ర వర్తకుణ్ణి కాపాడలేదు. ఎంత పెద్ద అక్షరాలతో ముద్ర వేసినా అంతే.

‘సగం ధర’ అని చెప్పి బిల్లు దగ్గర పన్ను అదనంగా వేయడం ఇంకొకటి. గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఆ ధర మీద తగ్గింపు ప్రకటించి, తగ్గించిన మొత్తం మీద మళ్లీ పన్ను వసూలు చేసిన ఒక పెద్ద కంపెనీ కేసులో అది జనాన్ని తప్పుదోవ పట్టించడమేనని 2017లో జాతీయ వినియోగదారుల కమిషన్ తేల్చింది. అప్పటికి ఉన్నది వ్యాట్, ఇప్పుడున్నది జీఎస్టీ, సూత్రం మారలేదు.

మూసివేతకు చెప్పే కారణాల్లో చాలావాటిని కాగితాల మీద సరిచూడవచ్చు. బ్యాంకు జప్తు చేసిన సరుకయితే దాని అమ్మకానికి బహిరంగ ప్రకటన, వేలం ఉంటాయి. కల్యాణ మండపంలో ఎవరో ఒకరు కుప్పపోసి అమ్మరు. వర్తకుడు ఐపీ పెట్టి, 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద కోర్టు అతన్ని దివాలాదారుగా ప్రకటిస్తే, ఆస్తి కోర్టు చేతికో రిసీవరు చేతికో వెళుతుంది, అతని ఇష్టానికి అమ్ముకొనే వీలుండదు. కంపెనీ మూతపడితే 2016 దివాలా స్మృతి కింద లిక్విడేటరు అమ్ముతాడు. మామూలు దుకాణం మూతపడితే జీఎస్టీ రిజిస్ట్రేషను రద్దుకు దరఖాస్తు వెళుతుంది, రద్దయ్యాక మూడు నెలల్లో చివరి రిటర్ను వేయాలి, మిగిలిన సరుకు లెక్క అందులో చూపాలి. షాపుల చట్టం కింద మూసివేత సమాచారాన్ని కార్మిక శాఖకు తెలియజేయాలి. నిజంగా మూసేవాడికి ఈ కాగితాలు ఎలాగూ తప్పవు. తేడా ఒక్కటే: మామూలు దుకాణం విషయంలో ఇవన్నీ మూసిన తరువాతివి. అమ్మకానికి ముందు, ప్రచారానికి ముందు, కొనేవాళ్లు చూసుకోగలిగిన కాగితం ఒక్కటీ లేదు.

చట్టంలో ఈ విషయం అసలే లేదనలేము. జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన పనిచేసి 1978లో నివేదిక ఇచ్చిన కమిటీ, వినియోగదారులను తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద చర్య ఉండాలని సిఫారసు చేసింది. దాని ఫలితంగా 1984లో గుత్తాధిపత్య వ్యాపారాలను అదుపుచేసే ఎంఆర్‌టీపీ చట్టానికి జరిగిన సవరణతో అనుచిత వ్యాపార పద్ధతుల నిర్వచనం వచ్చింది. చవక ధర ప్రకటనల మాట అందులో ఉంది. అది 1986 వినియోగదారుల రక్షణ చట్టంలోకి, అక్కడి నుంచి 2019 చట్టంలోకి వచ్చింది. ఆ సరుకు మామూలుగా ఎంతకు అమ్ముడవుతుందో ఆ ధర గురించి జనాన్ని తప్పుదోవ పట్టించడం, చవక ధర ప్రకటించి ఆ ధరకు తగినంత కాలం, తగినంత సరుకు అమ్మే ఉద్దేశం లేకపోవడం ఈ నిర్వచనం కిందికే వస్తాయి. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తెచ్చిన మార్గదర్శకాలు ఎర ప్రకటనలకు షరతులు పెట్టాయి. 2023 నవంబరులో ఆన్‌లైన్ వ్యాపారానికి తెచ్చిన మార్గదర్శకాలు లేని తొందరను పుట్టించడాన్ని నిషిద్ధ పద్ధతుల్లో చేర్చాయి. ‘ఇంకా రెండే మిగిలాయి’ అని ఫోను తెర మీద అబద్ధం చెబితే తప్పని అంత స్పష్టంగా రాసి ఉంది. ‘రేపే ఆఖరు’ అని మైకులో చెప్పే అబద్ధానికి అలాంటి స్పష్టమైన మాట లేదు, సాధారణ నిర్వచనాల్లోంచి దాన్ని లాగి నిరూపించుకోవాలి.

అసలు లోటు ఇక్కడే ఉంది. జిల్లా కమిషన్ డబ్బు తిరిగి ఇప్పించగలదు, అనుచిత పద్ధతిని ఆపమనగలదు, తప్పుడు ప్రకటనను సరిదిద్దే ప్రకటన వేయించగలదు. రూ.5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. ఫిర్యాదిదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు గనక కూచిపూడి మనిషి మచిలీపట్నంలోని జిల్లా కమిషన్‌కు వెళితే చాలు, అమ్మినవాడి ఊరు వెతుక్కుంటూ పోనక్కరలేదు. ఇదంతా మంచి ఏర్పాటే. కాని నోటీసు పంపడానికి ప్రతివాది పేరు, చిరునామా కావాలి. మూడు రోజుల హాలు అమ్మకంలో లేనివి ఆ రెండే. తప్పుదోవ పట్టించే ప్రకటనకు రూ.10 లక్షల దాకా, మళ్లీ చేస్తే రూ.50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం ఢిల్లీలోని కేంద్ర ప్రాధికార సంస్థకు ఉంది. అక్కడికి కాగితం చేరేలోగా ఆ ఆటో వేరే జిల్లాలో తిరుగుతుంటుంది.

ఇతర దేశాలు ఈ చిక్కును ఎదుర్కొన్న తీరులో ఇక్కడికి పనికొచ్చే పాఠం ఉంది. యూరోపియన్ యూనియన్ 2005లో తెచ్చిన అనుచిత వ్యాపార పద్ధతుల ఆదేశానికి ఒక నిషిద్ధ జాబితా జతచేసింది. వ్యాపారం మూసేయబోతున్నామని, లేదా దుకాణం వేరే చోటికి మార్చేస్తున్నామని, నిజం కానప్పుడు చెప్పడం అందులో 15వ అంశం. దానికి ఇక వాదన అక్కరలేదు, చెప్పింది అబద్ధమని తేలితే చాలు. ఫ్రాన్స్‌లో మూసివేత అమ్మకానికి ముందుగా ప్రకటన పత్రం, సరుకు జాబితా ఇవ్వాలి. అమ్మకం రెండు నెలలకు మించకూడదు, జాబితాలో లేని సరుకు అమ్మకూడదు. అమెరికాలో తెలుగువాళ్లు బాగా స్థిరపడిన రాష్ట్రాల్లో ఒకటైన మిషిగన్‌లో 1961 నుంచే ఇందుకు చట్టం ఉంది: సరుకు జాబితా ఇచ్చి స్థానిక అధికారి దగ్గర లైసెన్సు తీసుకొన్నాకే ‘క్లోజింగ్ అవుట్’ అని ప్రచారం చేయాలి.

ఆస్ట్రియా అనుభవాన్ని మాత్రం కాస్త నిలిచి చూడాలి. అక్కడ మూసివేత అమ్మకం ప్రకటించాలంటే జిల్లా పాలనాధికారి ముందస్తు అనుమతి కావాలని చట్టం. ఇన్స్‌బ్రుక్ నగరంలో కోక్ అనే వర్తకుడు అనుమతి లేకుండా మొత్తం సరుకు అమ్మకమని ప్రకటించాడు. వివాదం యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆ ప్రకటన వినియోగదారులను నిజంగా మోసం చేసేదేనా అని పరిశీలించకుండా, అనుమతి తీసుకోలేదన్న ఒక్క కారణంతో దాన్ని నిషేధించడం కుదరదని 2013 జనవరి 17న కోర్టు చెప్పింది. అందులో న్యాయముంది. నిజంగానే అప్పులపాలై కొట్టు కట్టేస్తున్నవాణ్ణి అనుమతి కోసం ఆఫీసుల చుట్టూ తిప్పడం అన్యాయం. అద్దె నెల నెలా పెరుగుతుంటే ఫైలు కదలలేదని ఆగమంటే ఆ మూసివేత ఇంకా ఖరీదవుతుంది. అనుమతి ఇచ్చే అధికారం ఉన్నచోట దానికో ధర పలికే ప్రమాదమూ ఉంటుంది. కాబట్టి ఇక్కడ కావలసింది అనుమతి కాదు, ముందస్తు ప్రకటన పత్రం. వర్తకుడు చెప్పవలసింది చెప్పి, రసీదు తీసుకొని, ఆ రోజే అమ్మకం మొదలుపెట్టుకోవచ్చు. చెప్పింది అబద్ధమని తేలితే శిక్ష ఉండాలి.

ఆ పత్రం ఒక పేజీ చాలు. వర్తకుడి పేరు, ఇంటి చిరునామా, దుకాణం చిరునామా, జీఎస్టీ నంబరు ఉంటే అది, మూసివేతకు కారణం, అమ్మకం మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, సరుకు రకాలవారీగా ఉజ్జాయింపు జాబితా అందులో ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు ఉన్నాయి. పత్రం అక్కడ ఇచ్చి రసీదు నంబరు తీసుకొనేట్టు చేస్తే కూచిపూడి వర్తకుడు మచిలీపట్నం దాకా రానక్కరలేదు. ఫ్లెక్సీ మీద, కరపత్రం మీద ఆ నంబరు ఉండాలి, మైకులో చదవాలి. నంబరు లేని మూసివేత ప్రచారాన్ని పంచాయతీ సిబ్బందో పోలీసో అక్కడికక్కడే ఆపగలుగుతారు. కొనేవాళ్లకు కూడా పెద్ద చదువు అక్కరలేదు, నంబరు ఉందా లేదా అని చూసుకొంటే చాలు.

గడువు 60 రోజులకు మించకూడదు. పత్రం ఇచ్చాక కొత్త సరుకు తేకూడదు. వరద, అనారోగ్యం వంటి గట్టి కారణముంటే ఒకసారి పొడిగింపు ఇవ్వవచ్చు. ముగింపు తేదీ దాటాక అదే చోట, అదే వర్తకుడో అతని కుటుంబమో అదే రకం వ్యాపారం ఒక ఏడాదిలోపు మొదలుపెడితే పాత పత్రం అబద్ధమని భావించి సంజాయిషీ అడగాలి. నిజంగా పరిస్థితి మారి మళ్లీ తెరిచినవాళ్లు ఆ మాట చెప్పుకొనే అవకాశం ఉంటుంది. పాత ధర చెప్పదలచుకొంటే గడచిన 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరనే పాత ధరగా చూపాలన్న నియమం యూరప్‌లో 2022 మే నుంచి అమలులో ఉంది. ఇక్కడా అది పెట్టదగ్గదే. అప్పుడు రూ.2,400 చీటీకి ఆధారం చూపవలసిన బాధ్యత అమ్మేవాడిదవుతుంది.

పత్రంలో తప్పక ఉండవలసిన ఇంకో అంశాన్ని సాధారణంగా ఎవరూ పట్టించుకోరు. అది వర్తకుడు తీర్చవలసిన బాకీల సంగతి. దుకాణం నిజంగా మూతపడ్డప్పుడు ఎక్కువ నష్టపోయేది సేలులో కొన్నవాళ్లు కారు, అంతకుముందే డబ్బు కట్టినవాళ్లు. ఫర్నిచరుకు అడ్వాన్సు ఇచ్చినవాళ్లు, కుట్టడానికి బట్ట ఇచ్చినవాళ్లు, రిపేరుకు ఫ్రిజ్జు ఇచ్చినవాళ్లు, దుకాణం సొంతంగా రాసిచ్చిన వారంటీని నమ్ముకొన్నవాళ్లు. అందరికన్నా ముఖ్యంగా నగల కొట్లో నెల నెలా పదకొండు వాయిదాల స్కీము కడుతున్న ఆడవాళ్లు. కూతురి పెళ్లి కోసం తులమో అరతులమో కూడబెట్టుకొనే ఆ ఇళ్లకు, బోర్డు తిప్పేసిన దుకాణం ముందు నిలబడే రోజు రాకూడదు. కట్టవలసిన అడ్వాన్సులు, స్కీము వాయిదాలు ఎంత ఉన్నాయో, వాటిని ఎప్పటిలోగా తీరుస్తారో ప్రకటన పత్రంలో రాయించాలి. సేలులో వచ్చిన డబ్బు ముందు ఆ బాకీలకు వెళ్లాలని నియమం పెట్టాలి. కొట్లో పనిచేసినవాళ్ల జీతం బకాయిలకూ ఇదే వర్తించాలి. ‘తగ్గింపు’ బోర్డు చూసి లోపలికి వెళ్లేవాళ్ల కంటే వీళ్లకు రక్షణ ఎక్కువ అవసరం.

తిరిగే అమ్మకాలకు పత్రం ఒక్కటే సరిపోదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ స్థిరమైన చోటు లేకుండా అమ్మేవాళ్లు జీఎస్టీ చట్టం ప్రకారం ‘క్యాజువల్ టాక్సబుల్ పర్సన్’గా, వ్యాపారం మొదలుపెట్టడానికి కనీసం ఐదు రోజుల ముందు దరఖాస్తు చేసి, అంచనా పన్ను ముందుగా కట్టి రిజిస్టరు కావాలి. ఆ రిజిస్ట్రేషను ఒకసారికి 90 రోజుల దాకా చెల్లుతుంది. హాలు అద్దెకిచ్చే యజమాని ఆ నంబరు, అమ్మేవాళ్ల గుర్తింపు కార్డు నకలు తీసుకొని పెట్టుకోవాలన్న షరతు చాలా చిన్నది, చాలా ఉపయోగపడేది. దానికి తోడు అమ్మకం పరిమాణాన్ని బట్టి కొంత మొత్తం డిపాజిట్టుగా ఉంచి, 30 రోజుల వాపసు గడువు ముగిశాక, ఫిర్యాదులు లేకపోతే తిరిగి ఇచ్చేయాలి. అప్పుడు చీర రంగు వదిలితే డబ్బు ఎక్కడ అడగాలో తెలుస్తుంది.

ఈ నియమాలు ఎవరికి వర్తించకూడదో కూడా రాయడం అవసరం. వారపు సంతల్లో అమ్ముకొనేవాళ్లు, తోపుడు బండ్లు, కూరగాయలు, పండ్లు, చేపలు, పూలు వంటి పాడైపోయే సరుకు అమ్మేవాళ్లు దీని పరిధిలోకి రాకూడదు. పెడన నుంచి తమ సొంత నేత, అద్దకం తెచ్చి అమ్ముకొనే చేతివృత్తులవాళ్లకు అడ్డు తగలకూడదు. నిజానికి అబద్ధపు సేళ్లవల్ల దెబ్బతినేవాళ్లలో వాళ్లు ముందుంటారు. చెక్క అచ్చులతో, పలుమార్లు ఉడికించి ఆరబెట్టి తయారుచేసే మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది. యంత్రం మీద అచ్చువేసిన బట్టను కలంకారీ అని పేరుపెట్టి, ఫ్యాక్టరీ మూతపడిందని సగానికి అమ్మితే, నిజమైన అద్దకం చేసినవాడు చెప్పే ధర జనానికి దోపిడీలా కనిపిస్తుంది. పక్కనే ఏడాది పొడుగునా నిజాయతీగా కొట్టు నడుపుకొంటూ, బిల్లు ఇచ్చి, వాపసు వస్తే మార్చి ఇచ్చే వర్తకుడికీ సంక్రాంతి గిరాకీలో ఇదే గతి. వినియోగదారుల రక్షణ కోసం పెట్టే ఈ నియమం ఆ వర్తకుణ్ణి కూడా కాపాడుతుంది కాబట్టి వర్తక సంఘాలు దీనికి అడ్డుచెప్పవలసిన కారణం లేదు.

పూర్తి స్థాయి నియమానికి రాష్ట్ర ప్రభుత్వం పూనుకోవాలి. రాష్ట్రంలోపలి వ్యాపార వాణిజ్యాలు రాజ్యాంగం రాష్ట్ర జాబితాలో 26వ అంశం గనక శాసనసభకు ఆ అధికారం ఉంది. ఆ ప్రతిపాదన జిల్లా నుంచి వెళితే బలముంటుంది. ఈలోగా జిల్లా కలెక్టరు స్థాయిలో ఇప్పుడే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. 2019 చట్టం 16వ విభాగం వినియోగదారుల సమూహానికి జరిగిన అన్యాయం, అనుచిత వ్యాపార పద్ధతులు, తప్పుడు ప్రకటనల మీద ఫిర్యాదు వస్తే తన పరిధిలో విచారణ జరిపి కేంద్ర ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారం కలెక్టరుకు ఇచ్చింది. 17వ విభాగం ప్రకారం అలాంటి ఫిర్యాదును ప్రజలు నేరుగా కలెక్టరుకు రాతపూర్వకంగా పంపవచ్చు. సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో భూమి, పింఛను అర్జీల నడుమ ఈ ఫిర్యాదులకూ ఒక వరుస కేటాయించి, ఒక అధికారిని పేరు పెట్టి నియమిస్తే ఆ రెండు విభాగాలు కాగితం మీంచి కదులుతాయి.

లౌడ్‌స్పీకరుకు 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాతపూర్వక అనుమతి కావాలి. సేలు మైకుకు అనుమతి ఇచ్చే ముందు అమ్మేవాళ్ల పేరు, చిరునామా, రిజిస్ట్రేషను నంబరు రాయించుకోవడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు. తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు హాలు అమ్మకం మొదటి రోజు ఉదయమే వెళ్లి చీటీలు లేపి చూస్తే మిగతా రెండు రోజులు వచ్చేవాళ్లకు మేలు. మూడో రోజు సాయంత్రం వెళితే ఖాళీ అట్టపెట్టెలే మిగులుతాయి. కల్యాణ మండపాల గుమ్మం దగ్గర, సచివాలయాల్లో, బస్టాండుల్లో తెలుగులో ఒక బోర్డు పెట్టాలి: బిల్లు అడిగి తీసుకోవాలి, ప్యాకెట్టు దాచుకోవాలి, లోపముంటే 30 రోజుల్లో వాపసు హక్కు ఉంది, 1915కు ఫోను చేసి తెలుగులోనే చెప్పవచ్చు.

ఈ పద్ధతిని ముందు రానున్న ఒక సంక్రాంతి సీజనుకు పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ, గుడివాడ, మచిలీపట్నాల్లో అమలుచేసి చూడవచ్చు. అందిన ప్రకటన పత్రాలు, ఇచ్చిన మైకు అనుమతులు, కలెక్టరేటుకు, 1915కు వచ్చిన ఫిర్యాదులు పక్కపక్కన పెట్టి చూస్తే, రాష్ట్రానికి పంపే ప్రతిపాదనలో 60 రోజుల గడువు ఉంచాలా తగ్గించాలా, డిపాజిట్టు ఎంత ఉండాలి, ఎవరిని మినహాయించాలి అన్నవి తేలతాయి.

ఇట్లు,
కూచిపూడి పరిసర గ్రామాల వినియోగదారుల తరఫున,
కూచిపూడి, మొవ్వ మండలం, కృష్ణా జిల్లా.